నిప్పు ముందు ఎర్రబడుతుంది

ఏప్రిల్ 14

సెలవు. మూడో అధ్యాయం పూర్తయింది, నాలుగు చలికాలంలోనే రాసేశాను. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో.

చివరి పేరా పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చదువుకున్నానో. సిగ్గు విడిచి ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. "కుంపట్లో బొగ్గు ముందు ఎర్రబడుతుంది. ఇంకా విసిరితే నారింజ రంగు, ఆ తర్వాత పసుపు. ఇది అందరం చూసిందే. కానీ నూటపాతికేళ్ళ క్రితం పెద్ద పెద్ద శాస్త్రవేత్తల లెక్కల ప్రకారం అలా జరగకూడదు. కాస్త వెచ్చబడ్డ బొగ్గు కూడా నీలంగా, కళ్ళు పోయేలా వెలగాలి. వెలగదు. ఎందుకు? జవాబు తర్వాతి అధ్యాయంలో."

కరుణాకర్ చదివి కళ్ళజోడు తీశాడు.

"జవాబు చెప్పకుండా ఆపేశావేంటి?"

"నాలుగులో ఉంది."

"పెళ్ళయిన కాడి నుంచీ ఇంతే నువ్వు. మనిషిని ఉడికించి చంపుతావు."

బ్యాంకు గుమాస్తాను ఉడికించగలిగానంటే ఎవరినైనా ఉడికించగలను. పుస్తకమంతా 'ఎందుకు' అన్న ఈ ఒక్క మాట కోసమే. కంప్యూటర్ కావాలని అప్పుడెవరూ అడగలేదు. నిప్పు రంగు ఇలా ఎందుకు మారుతుందని అడిగారు. అప్పట్లో నిప్పు వెలుగును కొలిచినవాళ్ళకు దీపాల కంపెనీల అవసరాల గొడవ కొంత ఉంది, నిజమే. లెక్క తేల్చినాయనకు మాత్రం ఎందుకన్నదే గొడవ. అక్కడి నుంచి నడుచుకుంటూ వస్తే ఇవాళ్టి క్వాంటం కంప్యూటర్ దగ్గర తేలుతాం.

తెలుగులో దీని గురించి ఎవరు రాసినా రెండే పనులు చేస్తారు. రూపాయి బిళ్ళను గిరగిరా తిప్పి "చూశారా, ఒకేసారి బొమ్మా బొరుసూ" అంటారు. లేకపోతే వేదాంతంలోకి దిగుతారు. తిరిగే బిళ్ళలో వింతేమీ లేదు, అది ఎటు పడుతుందో మనకు తెలియదు, అంతే. క్వాంటం కంప్యూటర్‌లో లెక్కలు చేసే క్యూబిట్ సంగతి అది కాదు. నా పుస్తకంలో బిళ్ళ ఉండదు. ఒట్టు.

ఏప్రిల్ 22

ప్రిన్సిపాల్ జగన్నాథరావు గారు పిలిచారు. ఫిజిక్స్ గ్రూపులో ఈసారి పదిహేను మంది చేరకపోతే మూసేస్తామని యాజమాన్యం చెప్పిందట. పోయినేడు చేరింది తొమ్మిది మంది. ఎప్పటిలాగే లెక్చరర్లందరం మే నుంచి ఊళ్ళమీద పడి, ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళకు తిరగాలి. తెనాలి నుంచి రేపల్లెకు ఇన్నేళ్ళుగా రైల్లో తిరుగుతున్నది ఈ గ్రూపు కోసమే కదా. అది పోతే నేను ఆ కాలేజీలో ఏమిటి?

"మీరు క్వాంటం మీద పుస్తకం రాస్తన్నారంట కదండి మేడం. పేపరు తీస్తే అమరావతిలో క్వాంటం, అమరావతిలో క్వాంటం. ఇంతకన్నా మంచి టైము దొరకదండి. చిన్న పుస్తకంగా వేసేద్దాం. మీరు ఇంటింటికీ పంచండి."

అచ్చు! తెనాలిలో ఇద్దరు ప్రచురణకర్తలు చేతిలో పట్టుకుని కూడా చూడని పుస్తకం. రైల్లో వేమూరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్ 23

"ఒప్పేసుకున్నావా?" అన్నాడు కరుణాకర్. ఒప్పుకోక! అట్ట మాత్రమే వాళ్ళది, లోపల అంతా నాది.

మే 2

అట్ట వచ్చింది. కంప్యూటర్స్ చెప్పే వినయ్ కుమార్ చేశాడు. నీలం రంగు మెదడు, దాని చుట్టూ తీగలు, పక్కన నల్ల టోపీ పెట్టుకుని నవ్వే అమ్మాయి. నేను పెట్టిన పేరు 'వెలుగు చిన్న చిన్న ముక్కలుగా'. అట్టమీద ఉన్నది 'క్వాంటం: మీ పిల్లల భవిష్యత్తు'.

సరేనన్నాను. అట్ట చూసి ఎవరు గుర్తుపెట్టుకుంటారు.

మే 9

చివర ఉద్యోగాల మీద ఒక్క పేరా ఉంటే బాగుంటుందన్నారు. వినయ్ రాస్తానన్నాడు. వద్దు, అతని తెలుగు నాకు తెలుసు, నేనే రాశాను. "ఈ రంగంలో ముందుముందు అవకాశాలు ఉండవచ్చు" అని.

"ఉండవచ్చు ఏంటండి మేడం? పెళ్ళిచూపుల్లో 'అబ్బాయి మంచోడు అయ్యుండొచ్చు' అంటామా? ఉంటాయి అనండి."

నవ్వొచ్చింది. మార్చాను. ఒక్క మాటే కదా.

మే 16

పేజీలు ఎక్కువయ్యాయి. ప్రెస్సువాళ్ళు ముప్పైరెండుకు మించదన్నారు. ఏదో ఒకటి తీయాలి. ఉద్యోగాల పేరా ఇప్పుడు అధ్యాయమైంది, పేరు 'కోర్సు తర్వాత'. అది తీయడానికి వీల్లేదట.

నాలుగో అధ్యాయం తీశాను. ప్రిన్సిపాల్ గారు తీయమనలేదు, ఏది తీయాలో నన్నే చూసుకోమన్నారు. నాలుగు కాస్త బరువు, మూడు లేకపోతే మొదలే ఉండదు, రెండు అందరికీ నచ్చింది. ఎటు చూసినా నాలుగే.

'కోర్సు తర్వాత' ఒక్క సాయంత్రంలో రాసేశాను. నాలుగో అధ్యాయం రాయడానికి చలికాలమంతా పట్టింది. కలం ఇంత సులువుగా నడుస్తుందని నాకు తెలియనే తెలియదు.

మే 17

నాలుగును కవరులో పెట్టి బీరువాలో దాచాను. పెద్ద పుస్తకం వేసినప్పుడు వస్తుంది.

జూన్ 5

ఎండకు తల పగిలిపోతోంది. పొద్దున నందివెలుగు, మధ్యాహ్నం చేబ్రోలు. నిన్న పిట్టలవానిపాలెం. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న.

"కంప్యూటర్ కోర్సేనా అమ్మా?"

"అలాంటిదేనండి బాబాయ్ గారు."

"ఉద్యోగం గ్యారంటీయేనా?"

"పుస్తకంలో రాశామండి."

పుస్తకంలో ఉంది, నిజమే. నేను అబద్ధం ఆడలేదు.

చేబ్రోలులో ఒక ఇంటి అరుగు మీద నలుగురు చేరారు. క్వాంటం అంటే ఏంటని ఒక పెద్దమ్మ అడిగింది. ఎండ, దాహం. పర్సులోంచి రూపాయి తీసి అరుగుమీద గిర్రున తిప్పాను. "చూశారా పెద్దమ్మా, ఒకేసారి బొమ్మా బొరుసూ." అందరూ ముచ్చటపడ్డారు. ఒకాయన లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చాడు.

జూన్ 8

పెంతెకొస్తు ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక పుస్తకాలు పంచుకోమని పాస్టరయ్యగారు అనుమతి ఇచ్చారు. దేవకుమారి ఆంటీ పుస్తకంతో విసురుకుంటూ "అట్ట గట్టిగా ఉందే రూబీ, గాలి బాగా వస్తంది" అంది. మనస్ఫూర్తిగానే అంది.

ఒక్కరు తెరిచి చూడలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను, అన్నం కూడా తినలేదు.

జూన్ 12

రేపల్లె. మీరాబీ అనే ఆమె ఇల్లు. పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ బిరియానీ వండుతుంది. కూతురు ఫిర్దోస్ ఈ ఏడే ఇంటర్ ఎంపీసీ పాసైంది. మేం వెళ్ళేసరికి పెరట్లో పెద్ద దేగిసా దమ్ మీద ఉంది. మూత మీద నిప్పులు పరుస్తోంది.

ఉద్యోగాల పాఠం మొదలుపెట్టాను, ఇప్పుడు నాకు నోటికొచ్చు. ఆమె వింటున్నట్టు లేదు. చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకుని, గడపలో కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క లైనే చదవడం మొదలెట్టింది. మధ్యలో రెండుసార్లు తలెత్తి మూత మీద నిప్పుల్ని చూసింది. నిప్పులు మాడిపోతాయని చూస్తోందనుకున్నాను.

"నేను కంప్యూటర్స్ తీసుకుంటానండి" అంది ఫిర్దోస్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఇక్కడ పని కాదని లేచి వచ్చేశాం. టీ మాత్రం బాగుంది.

ఆగస్టు 28

పదహారు! గ్రూపు నిలబడింది. చివర్లో చేరింది ఎవరనుకున్నాను, ఆ ఫిర్దోస్. వాళ్ళమ్మ పట్టుబట్టి చేర్పించిందట. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో పూతరేకులు పంచారు. "మీ పుస్తకమేనండి మేడం, మీ పుస్తకమే" అని అందరి ముందూ అన్నారు.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేసింది తప్పయితే ఇది జరుగుతుందా?

సెప్టెంబర్ 3

మొదటి క్లాసు. ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగాను. ఫిర్దోస్ లేచింది.

"మేడం, నిప్పు ముందు ఎర్రగానే ఎందుకవుద్దండి? నీలంగా ఎందుకు అవ్వదు?"

జవాబు నా బీరువాలో ఉంది. పైకి మాత్రం నవ్వి, "అది మూడో ఏడు పాఠమమ్మా, ముందు న్యూటన్‌ని దాటు" అన్నాను. పిల్లలు నవ్వారు. ఫిర్దోస్ కూడా నవ్వి కూర్చుంది. మంచి పిల్ల, పైకి వస్తుంది.

సెప్టెంబర్ 11

మళ్ళీ అడిగింది. క్లాసయ్యాక గుమ్మం దగ్గర నిలబడి.

"నాక్కాదండి మేడం, మా అమ్మకి. ఇంటికెళ్ళగానే 'ఇయాళ చెప్పారా' అంటది. రోజూ ఇదే గోల."

రేపు శుక్రవారం క్లాసులో చెప్తానన్నాను.

సెప్టెంబర్ 12

శుక్రవారం. స్టాఫ్ మీటింగు. క్లాసు లేదు.

సెప్టెంబర్ 24

ముగ్గురు పిల్లలు కంప్యూటర్స్‌కు మారిపోయారు. వినయ్ కుమార్ తన క్లాసుకు వచ్చిన మనవాళ్ళతో "ఫిజిక్స్‌లో క్వాంటం లేదురా, ఉన్నది తూనికలూ కొలతలే" అన్నాడట. అడిగితే, "మీరు పుస్తకంలో రాసిన ఉద్యోగాలు మా గ్రూపు చదివితే వచ్చేవే కదండి మేడం" అన్నాడు. నిజమే కదా. నేనే రాశాను.

సెప్టెంబర్ 30

ఇంకో నలుగురు.

అక్టోబర్ 6

అయిపోయింది. మిగిలినవాళ్ళకు గ్రూపు నడపలేమని యాజమాన్యం చెప్పేసింది. కావలసినవాళ్ళు బాపట్లలో ఉన్న మా ఇంకో కాలేజీకి వెళ్ళవచ్చట, అక్కడ ఫిజిక్స్ ఇంకా ఉంది. లేకపోతే సర్టిఫికెట్లు తీసుకుపోవచ్చు. రేపల్లె నుంచి బాపట్లకు ఆడపిల్ల రోజూ పోయి రావాలంటే సగం రోజు బస్సులోనే.

నన్ను తీసేయలేదు. బాపట్లలో అడ్మిషన్ల పని చూడమన్నారు. పుస్తకం రాసిన చెయ్యి కదా.

ఇంటికొచ్చి ఏడ్చాను. కరుణాకర్ టీ పెట్టిచ్చి, "మళ్ళీ రాయడం మొదలుపెట్టు రూబీ, పెద్ద పుస్తకం" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కప్పు గట్టిగా పెట్టేసరికి టీ అంతా బల్ల గుడ్డ మీద ఒలికింది.

అక్టోబర్ 9

మీరాబీ వచ్చింది.

ఆఫీసులో సర్టిఫికెట్ల కోసం నిలబడి ఉంది, పక్కన ఫిర్దోస్. నేను చూడనట్టు వెళ్ళిపోదామనుకున్నాను. ఆమె చూసేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"బాపట్ల పంపలేమండి మేడంగారూ. వాళ్ళ నాన్న ఒప్పుకోడు. ఈ ఏడుకి ఇంట్లో ఉంచి, వచ్చే ఏడు చూస్తాం" అంది. ఆ తర్వాత కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగింది. "ఆ నిప్పు సంగతి మాత్రం చెప్పనేలేదండి."

"ఏ నిప్పు?" అన్నాను. ఏ నిప్పో నాకు తెలియదా.

"మీ పుస్తకంలోదేనండి. ముందు ఎరుపెందుకు, నీలమెందుకు కాదు అని. నేను ముప్పై ఏళ్ళ నుంచి నిప్పుల కాడే ఉన్నానండి, నాకెప్పుడూ ఆ అనుమానమే రాలేదు. మీరు రాశాక ఎప్పుడు దమ్ పెట్టినా అదే ఆలోచన. జవాబు తర్వాతి అధ్యాయంలో అన్నారు. తిప్పితే ఉద్యోగాలున్నాయి. మా పుస్తకంలో పేజీలు ఊడిపోయాయేమో అనుకుని పక్కింటోళ్ళది తెచ్చి చూశానండి. అందులోనూ లేదు. సరే, పాపని చేర్పిస్తే నేర్చుకొచ్చి చెప్తదిలే అనుకున్నా."

ఫిర్దోస్ తలదించుకుని చున్నీ కొస నలుపుతోంది.

"మీరు ఉద్యోగం కోసం కదా చేర్పించింది?" అన్నాను.

"ఉద్యోగం సంగతి నేనెప్పుడడిగానండి?"

అడగలేదు. ఆ రోజు పెరట్లో ఆమె ఒక్కమాట అడగలేదు. నేనే చెప్పుకుంటూ పోయాను.

అప్పుడు నేను అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. "అది పెద్ద విషయమండి మీరాబీ గారు. ఇప్పటికిప్పుడు చెప్తే మీకు అర్థం కాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. "అంతేలెండి" అంది. చిన్నబుచ్చుకోలేదు కూడా. అదేదో ముందే తెలిసిన విషయం అన్నట్టు. సర్టిఫికెట్ల కవరు కూతురి చేతిలోంచి తీసుకుని, తడవకుండా కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది. బయట తుంపర పడుతోంది.

అర్థం కాదన్నాను. ఎవరికి అర్థమవ్వాలని మొత్తం పుస్తకం మొదలుపెట్టానో, ఆమెతోనే.

అక్టోబర్ 10

పొద్దున్నే లేచి రాస్తున్నాను. బీరువాలోని నాలుగో అధ్యాయం తీయలేదు. ఆమె ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని రాస్తున్నాను.

మీరాబీ గారూ, దేగిసాలో షేర్వా ఉందనుకోండి. వడ్డించడానికి రకరకాల గరిటెలున్నాయి. ఎర్ర గరిటె చిన్నది, పసుపుది దానికన్నా పెద్దది, నీలం గరిటె అన్నిటికన్నా పెద్దది. ఒకటే షరతు, గరిటె నిండితేనే బయటికి తీయాలి. సగం గరిటె కుదరదు. అడుగున కొంచెమే ఉన్నప్పుడు ఏ గరిటె నిండుతుంది? చిన్నదే. నిప్పులో వేడి ఆ షేర్వా. వేడి తక్కువగా ఉన్నప్పుడు ఎర్ర గరిటెలే నిండి బయటికి వస్తాయి, అందుకని ఎరుపు. వేడి పెరిగేకొద్దీ పెద్దవి కూడా నిండుతాయి. పాతకాలం వాళ్ళు ఏ గరిటె అయినా ఎంత కొంచెమైనా తీయవచ్చు అనుకుని లెక్కలు కట్టారు. అందుకే వాళ్ళ లెక్కలో నిప్పు నీలంగా మండిపోయింది. వెలుగు నిండు గరిటెల్లోనే వస్తుందని ఒకాయన గమనించాడు. ఆ గరిటె పేరే క్వాంటం.

ఇంతే. టీ చల్లారేలోపు అయిపోయింది.

కరుణాకర్‌కు చదివి వినిపించాను. "ఇది నాలుగో అధ్యాయం కన్నా బాగుంది" అన్నాడు. నాకూ తెలుసు. నా జన్మలో ఇంత బాగా ఏదీ రాయలేదు.

రేపు రేపల్లె వెళ్ళి చెప్పి వస్తాను.

అక్టోబర్ 11

వాన.

అక్టోబర్ 18

వారమంతా బాపట్ల. అక్కడ కుర్చీ ఇచ్చారు, కిటికీ పక్కనే.

అక్టోబర్ 28

తుఫాను. కరెంటు లేదు. "ఫోన్ చేసి చెప్పొచ్చుగా, నంబరు కాలేజీలో ఉంటది" అన్నాడు కరుణాకర్. ఫోన్‌లో చెప్పే విషయమా ఇది?

నవంబర్ 16

ఆదివారం. ఆరాధన తర్వాత వెళ్దామనుకున్నాను. రేపల్లె రైలు టైము కూడా చూశాను. స్టేషన్ దాకా వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏమని మొదలుపెట్టాలో అనుకుంటున్నాను. "మొన్న మీకు అర్థం కాదన్నాను కదండి" అనా? రైలు వచ్చింది. వెళ్ళిపోయింది.

కరుణాకర్‌తో రైలు క్యాన్సిల్ అయిందన్నాను.

డిసెంబర్ 3

కరుణాకర్ ఇక రేపల్లె సంగతి అడగడం మానేశాడు.

డిసెంబర్ 15

వచ్చే ఏడు అడ్మిషన్లకు పుస్తకం మళ్ళీ వేస్తున్నారు, ఈసారి బాపట్ల కాలేజీ పేరుతో. ప్రూఫులు నా బల్లమీదకు వచ్చాయి. రేపల్లె నుంచి జగన్నాథరావు గారు ఫోన్ చేశారు.

"ఎవరో ఒకరిద్దరు పేరెంట్స్ అడిగారంటండి మేడం, మూడో చాప్టర్ చివర ఏదో జవాబు అని ఉందంట, లోపల లేదంట. కాస్త చూసెయ్యండి, మీకు తెలియందేముంది."

ఒకరిద్దరు. అంటే ఆమె కాక ఇంకొకరు ఎవరో కూడా ఉన్నారు. ఎవరో, ఏ ఊళ్ళో, ఏ పొయ్యి దగ్గరో. ఎవరని నేను అడగలేదు.

అక్షరాలు చిన్నవి చేయడంతో చివర ఒక పేజీ ఖాళీ మిగిలిందని వినయ్ ఫోన్‌లో చెప్పాడు. "మీ ఇష్టం మేడం, ఏమైనా వేసుకోండి" అన్నాడు. గరిటెల సంగతి ఒక పేజీ కూడా పట్టదు. పొద్దున్నంతా ఆ ఖాళీ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను.

వేస్తే ఈ పుస్తకం రేపల్లె కూడా వెళ్తుంది. ఏదో ఒక పెళ్ళింట్లో ఆమె చేతిలో పడుతుంది. గడపలో కూర్చుని వేలు పెట్టి చదువుతుంది. ఇంత చిన్న విషయమా, ఇది నాకు అర్థం కాదందా అనుకుంటుంది. అది నేను తట్టుకోలేను. జవాబు తెలియకపోవడం ఆమెకు అలవాటే. ఇన్నేళ్ళూ తెలియకుండానే గడిచింది కదా.

ఎర్ర పెన్ను తీసుకుని "ఎందుకు? జవాబు తర్వాతి అధ్యాయంలో" అన్నంత మేరా కొట్టేశాను. ఖాళీ పేజీలో రేపల్లె, తెనాలి నుంచి బాపట్లకు వచ్చే బస్సుల టైములు వేయమన్నాను. ఎవరికైనా పనికొస్తాయి.

ఇప్పుడా అధ్యాయం "వెలగదు" అన్న మాట దగ్గర ఆగుతుంది. ఒకటికి రెండుసార్లు చదివి చూశాను. తప్పులేమీ లేవు.